సేఫ్టీ చొక్కాల జట్టు

ఆ సీజన్‌లో మా జట్టు అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మామూలుగా ఓడిపోతే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. మేం ఓడిపోవడానికి కూడా ఒక తీరూ తెన్నూ ఉండేది కాదు. చేతిలో పడ్డ బంతి జారిపోయేది. ఒకే బంతి కోసం ఇద్దరు పరుగెత్తి ఢీకొనేవాళ్ళు. ఒకసారి పరుగు తీసేవాళ్ళు ఒక్కొక్కరుగా ఆగాల్సిన బేస్ మీదికి మావాళ్ళిద్దరు ఒకేసారి చేరి, నువ్వు వెనక్కి పో అంటే నువ్వే ముందుకు పో అని వాదించుకుని, చివరికి ఇద్దరూ బేస్ దిగేసరికి అవతలివాళ్ళు ఇద్దరినీ ఔట్ చేశారు.

మా జట్టు అంటున్నాను గానీ నేను ఆడేదాన్ని కాదు. ఆ జట్టుకి అభిమానిని. ఇంకో అభిమాని ఎవరూ లేరు. దోహాలో ఎండలు తగ్గాక, చలికాలమంతా ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు అయిన తర్వాత, ఇండస్ట్రియల్ ఏరియా అవతల గోడౌన్ల వెనకున్న మట్టి మైదానంలో బేస్‌బాల్ ఆడతారు. ఆయిల్ కంపెనీలవాళ్ళు, ఇంటర్నేషనల్ స్కూళ్ళ టీచర్లు, కొరియావాళ్ళు, జపాన్‌వాళ్ళు తలా ఒక జట్టు పెట్టుకున్నారు. వాళ్ళకి పేర్లు కుట్టిన యూనిఫాంలు, నీడకి టెంట్లు, టెంట్ల కింద కుటుంబాలు, మాంసం కాల్చే పొయ్యిలు. మా వైపు నేను, నా మడత కుర్చీ, ఒక ఫ్లాస్కు.

తెలుగావిడకి బేస్‌బాల్ పిచ్చేమిటని అందరూ అడుగుతారు. మా ఆయన అడగడం మానేశాడు. ఆయనది ఏలూరు, క్రికెట్ మనిషి. క్రికెట్ రానివాళ్ళు కనిపెట్టుకున్న ఆట అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో. మా హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ ఉండేది. బేస్‌బాల్‌కి చెల్లెలులాంటి ఆట అది; బంతి కొంచెం పెద్దది, చేతిని కిందనుంచి ఊపి విసురుతారు, మిగతాదంతా దాదాపు ఒకటే. మైదానమంతా మగపిల్లల క్రికెట్‌కే పోతోందని మా పీఈటీ సార్ వారానికి కొన్ని సాయంత్రాలు వాళ్ళని బయటికి పంపేసి, మాకు గ్లవ్స్ ఇచ్చి నిలబెట్టేవాడు. గ్లవ్స్ చాలేవి కావు. మార్చుకుని తొడుక్కునేవాళ్ళం. నేను థర్డ్ బేస్ దగ్గర నిలబడేదాన్ని. కొట్టినవాళ్ళ బంతి అన్నిటికన్నా గట్టిగా వచ్చేది అక్కడికే. ఇంటర్‌లో చేరిన కాలేజీకి మైదానమే లేదు, ఆట అక్కడితో ఆగిపోయింది. చూడడం మాత్రం ఆగలేదు. ఇంట్లో ఇంటర్నెట్ వచ్చిన దగ్గరనుంచి ఎక్కడెక్కడి దేశాల మ్యాచ్‌లూ చూస్తూనే ఉన్నాను.

లుసైల్‌లో నేను ప్లానింగ్ ఇంజినీర్‌గా పనిచేసే ఆఫీసులో ఒక ఫిలిప్పీన్స్ డ్రాఫ్ట్స్‌మన్ ఉన్నాడు. నలభై దాటినవాడు, ఎవరు ఏది చెప్పినా ‘ఓకే మేడమ్, ఓకే సర్’ తప్ప ఇంకో మాట అనడు. ఒక గురువారం అతని బల్ల మీద ఒక పాత గ్లవ్ కనిపించింది. అడిగి తీసుకుని చెయ్యి దూర్చాను. రెండో చేతి పిడికిలితో దాని గుంతలో గట్టిగా ఒక్కటి కొట్టాను. ఆడినవాళ్ళకి అది అలవాటు, చెయ్యి దానంతటదే కొడుతుంది. అతను కుర్చీలోంచి లేచి, మేడమ్ మీరు ఏ పొజిషన్ అని అడిగాడు. మరుసటిరోజు నేను మైదానంలో ఉన్నాను.

ఆ జట్టు ఎలా తయారైందో అక్కడికి వెళ్ళాక తెలిసింది. మిగతా జట్లు ఎవరినైతే వద్దనుకున్నాయో వాళ్ళందరినీ అతను పోగుచేశాడు. వయసు దాటినవాళ్ళు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు, బ్యాట్ పట్టుకోవడం ఇంకా రానివాళ్ళు. నేపాల్ నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు, బంగ్లాదేశ్ ఏసీ మెకానిక్, కాఫీ షాపు కుర్రవాళ్ళు. కెప్టెన్, బంతి విసిరే పిచ్చర్ రెండూ అతనే. యూనిఫాంకి దిక్కులేదు. మా ఆఫీసు స్టోర్‌లో సేఫ్టీ వారోత్సవాలప్పుడు పంచగా మిగిలిపోయిన నారింజ రంగు టీషర్టులు ఉంటే అడిగి తెచ్చుకున్నారు. వాటి వీపు మీద పెద్ద అక్షరాలతో ‘సేఫ్టీ ఫస్ట్’ అని ఉంటుంది. మావాడు బంతి వదిలేసినప్పుడల్లా అవతలి టెంట్ల కిందనుంచి ఎవరో ఒకరు ‘సేఫ్టీ ఫస్ట్’ అని పాటలాగా సాగదీసి అనేవారు. టెంట్లన్నీ నవ్వేవి.

నాకు ఒళ్ళు మండేది. అందుకే ఇంకా గట్టిగా అరిచేదాన్ని. తెలుగులోనే అరిచేదాన్ని.

తెలుగులో అరవడానికి ఒక కారణం ఉంది. మొదటి రోజే ఎడమవైపు దూరంగా నిలబడ్డ ఒకతను బంతి వదిలేసి, తనలో తనే, “ఓరి దీని, గిది గూడ వాయె,” అనుకుంటూ వెళ్ళడం విన్నాను. ఆట మధ్యలో నీళ్ళ కోసం వచ్చినప్పుడు ఏ ఊరని అడిగాను. జగిత్యాల దగ్గర పల్లె. లుసైల్‌లోనే ఒక సైట్‌లో స్కాఫోల్డింగ్ పని, అంటే మేస్త్రీలు ఎక్కడానికి ఇనుప గొట్టాల పరంజా కట్టే పని. ఉండేది ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్‌లో. మైదానం క్యాంప్‌కి నడిచివచ్చే దూరం కావడంతో ఒక శుక్రవారం చూడ్డానికి వచ్చి, మనిషి తక్కువైతే దిగి, అలాగే ఉండిపోయాడట. మొదట మేడమ్ అన్నాడు, రెండో వారానికి అక్కా అన్నాడు.

జనవరిలో ఒక శుక్రవారం అతని పన్ను విరిగింది. సాయంత్రం అయ్యేకొద్దీ ఆ మైదానంలో సూర్యుడు సరిగ్గా బ్యాటర్ వెనకకి దిగుతాడు. ఎడమవైపు దూరంగా నిలబడ్డవాడికి కళ్ళలోకే వెలుతురు. పైకి లేచిన బంతి ఆ వెలుతురులో మాయమై, తిరిగి అతనికి కనిపించేసరికి మూతి మీద ఉంది. ముందు పన్ను సగం విరిగింది. చొక్కా నెత్తురయింది. కార్లో ఎక్కించుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళాను. దారిలో మంచుగడ్డల సంచి మూతికి అదుముకుని కూర్చున్నాడు. ఇంక ఆట మానేస్తాడనే అనుకున్నాను. మానేసినా ఎవురూ ఏమనుకోరులే తమ్ముడూ, అని నేనే చెప్పాను.

అతను సంచి తీసి నా వైపు చూశాడు. “ఇడిసిపెట్టుడేందక్కా. వారమంత కంపెనీ ఎక్కుమంటె ఎక్కుత, దిగుమంటె దిగుత. శుక్రారం ఒక్కనాడే నా ఇష్టమున్నట్టు ఉర్కేది. పన్ను పోతే పాయె,” అన్నాడు.

ఆ మాట తర్వాత నేను కుర్చీలో ఊరికే కూర్చోలేకపోయాను. తర్వాతి శుక్రవారం మ్యాచ్‌కి చాలా ముందే వెళ్ళి, అతన్ని ఎండకి ఎదురుగా నిలబెట్టి బంతులు ఎత్తుగా విసిరాను. మా పీఈటీ సార్ మాకు నేర్పిందే నేర్పాను. సూర్యుడి వైపు చూడొద్దు, గ్లవ్‌ని ఎత్తి సూర్యుడికి అడ్డం పెట్టు, ఆ నీడ అంచు మీదనుంచి బంతి రావడం చూడు. మొదట్లో ఒక్కటీ పట్టలేదు. మూతి మీద తగులుతుందేమోనని తల తిప్పేసుకునేవాడు. తర్వాత తర్వాత తల తిప్పడం మానేశాడు. నా భుజం పట్టేసేది. ఇల్లంతా నొప్పి మందు వాసన వస్తోందని మా ఆయన కిటికీలు తెరిచేవాడు.

“ఈ వయసులో నీకీ గొడవేంటి? గెలిచే టీమ్ ఏదైనా చూసుకుని అభిమానించొచ్చు కదా,” అన్నాడొకసారి.

గెలిచే టీమ్‌కి నేనెందుకు, వాళ్ళకి టెంట్ల నిండా జనం ఉండారు కదా అన్నాను.

ఐన్ ఖాలిద్‌లో మేముండే కాంపౌండ్‌లో హైదరాబాద్ ఆవిడ ఒకరున్నారు. మంచి మనిషే. శుక్రవారం మధ్యాహ్నాలు వాళ్ళింట్లో ఆడవాళ్ళందరూ కలుస్తారు, భోజనాలవుతాయి, తర్వాత ఏదో ఒక మాల్‌కి బయల్దేరతారు. నేను వెళ్ళడం మానేశానని ఆవిడకి కొంచెం కష్టంగా ఉండేది. అందుకని ప్రతి శనివారం పొద్దున చెత్త పడేసే చోట కలిసినప్పుడు, ముఖాన చిరునవ్వుతో మీ టీమ్ గెలిచిందా అని అడిగేవారు. ఓడిపోయిందండీ అని నేనూ చిరునవ్వుతోనే చెప్పేదాన్ని. ఎంత తేడాతో అని తర్వాతి ప్రశ్న. అదీ చెప్పేదాన్ని. దాచడానికి అదేమైనా దొంగతనమా?

ఈ లీగ్‌లో ఒక నియమం ఉంది. తేడా పది పరుగులకి చేరితే సగంలోనే ఆట ఆపేస్తారు. దాన్ని మెర్సీ రూల్ అంటారు, అంటే దయ. మా మ్యాచ్‌లు చాలావరకు ఆ దయ వల్లనే ముగిసేవి. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఓడిస్తే ఓడించండి, అది మీ చేతనైన పని. దయ చూపించమని మిమ్మల్ని ఎవరడిగారు?

ఫిబ్రవరిలో అసలు దయ బయటపడింది. లీగ్ నడిపేది ఒక పెద్ద కంపెనీలో మేనేజర్, తెల్లాయన, చాలా మర్యాదస్తుడు. మ్యాచ్ అయ్యాక మా కెప్టెన్ భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళి మాట్లాడాడు. ఆ ఆదివారం ఆఫీసు ప్యాంట్రీలో కెప్టెన్ నాకు ఆ సంగతి చెప్పాడు. వచ్చే ఏడాదికి జట్టుని తీసేసి, మావాళ్ళని ఇద్దరిద్దరు చొప్పున మిగతా జట్లకి పంచుతారట. ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు ఆడొచ్చు. అందరికీ మంచిది, ఆటలు కూడా సమంగా సాగుతాయి అన్నాడట.

మీరేమన్నారని అడిగాను. ఓకే సర్ అన్నానని నేల చూపులు చూశాడు.

బదులు ఆడడమంటే ఏమిటో నాకు తెలుసు. బెంచీ మీద కూర్చుని వాళ్ళ బ్యాట్లు సర్దడం. మా జగిత్యాల మనిషి శుక్రవారం తన ఇష్టమున్నట్టు ఉరకాలంటే, ముందు ఎవరో ఒక టీచర్‌కి జలుబు చెయ్యాలి. అదే కెప్టెన్‌కి చెప్పాను. ఇంగ్లీషులోనే చెప్పాను గానీ కోపం మా అనంతపురం కోపమే. జట్టు నీది, నిర్ణయం నీది. ఇంకా మ్యాచ్‌లు మిగిలున్నాయి. వచ్చే సీజన్ మీరెవరూ రాకపోయినా ప్రతి శుక్రవారం నా కుర్చీ తెచ్చుకుని మీ వైపే కూర్చుంటాను. ఎవరికోసం వచ్చావని ఆ పెద్దమనిషి అడిగితే నీ పేరు చెప్తాను అన్నాను. అతను టీ కప్పు కడిగిందే కడుగుతూ ఉండిపోయాడు.

ఇంకో రెండు మ్యాచ్‌లు ఓడిపోయాం. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం గురించే ఇదంతా చెప్తున్నది.

ఆ రోజు నా కారు గ్యారేజ్‌లో ఉంది. మా ఆయన దింపడానికి వచ్చి, మళ్ళీ తీసుకెళ్ళడానికి ఇంకోసారి రావడమెందుకని అక్కడే ఉండిపోయాడు. కార్లో ఏసీ వేసుకుని ఫోన్లో క్రికెట్ పెట్టుకున్నాడు. అవతలి జట్టు స్కూల్ టీచర్లది, నీలం యూనిఫాం, పట్టికలో మూడో స్థానం. సీజన్ మొదట్లో మాకు దయ చూపించినవాళ్ళే. ఆ రోజు కూడా మొదటి ఇన్నింగ్స్‌లోనే మూడు పరుగులు చేశారు. టెంట్ కింద పాటలు మొదలయ్యాయి. ‘సేఫ్టీ ఫస్ట్’ కూడా వినిపించింది.

తర్వాత గాలి లేచింది. మట్టి లేపే గాలి. వాళ్ళ పిచ్చర్ పొడుగాటి కుర్రాడు, బంతి చాలా వేగంగా విసురుతాడు. ఆ గాలికి అతని గురి తప్పింది. పిచ్చర్ నాలుగు బంతులు తప్పుగా విసిరితే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచిపోవచ్చు. కానీ దానికి ఓపిక కావాలి, అది మావాళ్ళకి ఎప్పుడూ లేదు. ఏ బంతి వచ్చినా ఊపేసేవాళ్ళు. అందులో మా ఏసీ మెకానిక్ అందరికన్నా ముందుంటాడు. ఆ రోజు అతను బ్యాట్ పట్టుకుని వచ్చేసరికి మూడు బేస్‌ల మీదా మావాళ్ళే ఉన్నారు. నేను కుర్చీలోంచి లేచి, కొట్టద్దు, ఊరికే నిలబడు నాయనా అని గొంతు చించుకున్నాను. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ నా వైపు ఒకసారి చూసి, బ్యాట్ భుజం మీద పెట్టుకుని, స్తంభంలా నిలబడ్డాడు. నాలుగు బంతులూ తప్పే. అతను మొదటి బేస్‌కి నడిచాడు, ముందున్నవాళ్ళు తలా ఒక బేస్ జరిగారు, మూడో బేస్ మీదున్నవాడు బ్యాటర్ నిలబడే హోమ్‌కి నడుచుకుంటూ వచ్చి పరుగు చేశాడు. వెనక వచ్చినవాడూ అదే చేశాడు. కొట్టకుండానే రెండు పరుగులు.

ఆ తర్వాత కెప్టెన్ వచ్చాడు. నడవలేదు, కొట్టాడు. బంతి వాళ్ళవాళ్ళిద్దరి మధ్యనుంచి దూరంగా దొర్లిపోయింది. దాన్ని పట్టుకోబోయినవాడు తన్నేశాడు. ఎప్పుడూ మా వాళ్ళు చేసే పని వాళ్ళు చేశారు. మా నారింజ చొక్కాలు ఒకటి వెనక ఒకటి హోమ్ చేరాయి. టెంట్ కింద పాట ఎవరో తగ్గించారు.

అక్కడనుంచి ఆట ముడిపడిపోయింది. వాళ్ళు దగ్గరికి రావడం, మేం ఒక పరుగు ముందుండడం. మా కెప్టెన్ బంతి నిదానంగా వేస్తాడు, వేగం వేద్దామన్నా రాదు. ఆ నిదానమే గాలిలో వంకర్లు తిరిగి వాళ్ళని తికమకపెట్టింది. ఎప్పుడు వచ్చాడో మా ఆయన కారు దిగి నా వెనక నిలబడి ఉన్నాడు. అతన్ని ఎందుకు ఔట్ ఇచ్చారు, ఇతన్ని ఎందుకు ఇవ్వలేదు అని అడుగుతున్నాడు.

చివరి ఇన్నింగ్స్ బ్యాటింగ్ వాళ్ళది. మాకు ఒక్క పరుగు ఆధిక్యం. ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కరు ఔటైతే ఆట ముగుస్తుంది. కానీ రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు ఉన్నారు. ఒక మంచి దెబ్బ పడితే ఇద్దరూ వచ్చేస్తారు. సూర్యుడు బ్యాటర్ వెనక గోడౌన్ రేకుల మీదికి దిగాడు. వచ్చిన బ్యాటర్ గట్టిగా కొట్టాడు. బంతి ఎడమవైపు ఎత్తుగా లేచింది.

మా జగిత్యాల మనిషి కదల్లేదు. బంతి కనపడలేదనుకున్నాను. టెంట్ కింద జనం అప్పటికే లేచి చేతులెత్తారు. అప్పుడతను గ్లవ్ ఎత్తి ముఖానికి అడ్డం పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకొకటి పక్కకి. తల తిప్పలేదు. బంతి గ్లవ్‌లో పడింది, మళ్ళీ బయటికి రాబోయింది, రెండో చెయ్యి దాని మీద వేసి ఛాతీకి అదిమిపట్టి అలాగే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

గెలిచాం.

నేను అరవలేదు. సీజనంతా ఓడిపోతుంటే అరిచిన గొంతు గెలిచినప్పుడు రాలేదు. కుర్చీలో కూలబడ్డాను. ఎవరూ నమ్మరుగానీ, మొదట నాకు వచ్చింది సంతోషం కాదు. కోపం. చూశారా అని ఎవరినైనా పట్టుకుని ఊపాలనిపించింది. ఇంతకాలం మీరు నవ్వింది ఈ మనుషుల్నే, బాగా చూడండి అనాలనిపించింది. సంతోషం తర్వాత వచ్చింది. మావాళ్ళందరూ ఎడమవైపుకి పరుగెత్తి అతన్ని లేపి, ఎలా సంబరపడాలో తెలియక ఒకరికొకరు షేక్‌హ్యాండ్‌లు ఇచ్చుకుంటుంటే వచ్చింది. గెలవడం వాళ్ళకి అలవాటు లేదు. వాళ్ళు ఆఫీసులో మీటింగ్ అయినట్టు షేక్‌హ్యాండ్‌లు ఇచ్చుకుంటున్నారు.

లీగ్ నడిపే పెద్దమనిషి నవ్వుతూ వచ్చాడు. నిజంగానే సంతోషపడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కెప్టెన్ చెయ్యి పట్టుకుని ఊపుతూ, చాలా బాగుంది, మీ జట్టుకి ఇదొక చక్కటి ముగింపు అన్నాడు.

నాకు అప్పుడు గొంతు వచ్చింది. ముగింపని ఎవరు చెప్పారండీ అని అడగబోయాను. నోరు తెరిచేలోపు, ఎప్పుడూ ఓకే సర్ అనే ఆ మనిషి తలెత్తి, “నో సర్. వచ్చే సీజన్ కూడా ఆడతాం. ఇదే టీమ్,” అన్నాడు.

పెద్దమనిషి అతని చెయ్యి వదిలి, మీ ఇష్టం అన్నాడు. కెప్టెన్ చెవులు ఎర్రగా అయిపోయాయి. అతని నోట ‘నో’ అనే మాట వినడం నాకు అదే మొదలు. ఆ రోజు నాకు మ్యాచ్ ఎంత గుర్తుందో ఆ ఒక్క మాటా అంతే గుర్తుంది.

అందరం కలిసి రోడ్డు దాటి, ఇక్కడ కాఫ్టేరియా అని పిలిచే ఒక చిన్న టీ కొట్టు ముందు బాగా మరిగించిన చిక్కటి కరక్ టీ తాగాం. కార్ల మధ్య నిలబడి తాగాం. అక్కడ కూర్చోవడానికేమీ ఉండదు. జగిత్యాల మనిషి చుట్టూ ఆరు భాషలవాళ్ళు చేరి ఆ క్యాచ్‌ని చేతులతో మళ్ళీ మళ్ళీ పట్టి చూపిస్తున్నారు. అతను విరిగిన పన్ను కనపడేలా నవ్వుతున్నాడు. మా ఆయన కప్పు పట్టుకుని నా పక్కకి వచ్చాడు.

“ఇంతకీ ఇప్పుడు మీరు ఎన్నో స్థానంలో ఉన్నారు?”

“చివరి స్థానంలోనే.”

“గెలిచినా?”

“గెలిచినా. పైన ఉండేవాళ్ళని దాటాలంటే ఇంకా చానా గెలవాల.”

“మరి ఆ సెక్యూరిటీ అబ్బాయి ఎందుకేడుస్తున్నాడు?”

నేను చూడలేదు అప్పటిదాకా. నేపాలీ అబ్బాయి కాఫ్టేరియా గోడ వైపు తిరిగి చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. మా ఆయన వెళ్ళి అతనికి ఇంకో టీ తెచ్చిచ్చాడు. కార్లో మాత్రం, ఏమైనా సరే ఆ మూడో ఔట్ మా క్రికెట్‌లో అయితే మామూలు క్యాచే అన్నాడు. ఔను, మామూలు క్యాచే అన్నాను. అంత ఆనందంలో ఉన్నాను.

శనివారం పొద్దున చెత్త సంచి పట్టుకుని మామూలుకన్నా ముందే కిందికి దిగాను. హైదరాబాద్ ఆవిడ వచ్చారు. నమస్కారమన్నారు. గాలి దుమ్ము గురించి, వాళ్ళ పనమ్మాయి గురించి మాట్లాడారు. వెళ్ళిపోయారు. ఆ ఒక్క శనివారం అడగలేదు. సీజన్ పొడుగునా అడిగిన మనిషి ఆ రోజే మర్చిపోయారు. ఇంటికొచ్చి అట్ల పిండి రుబ్బాను. మనసు నిలవలేదు. తడి చేతులతోనే వెళ్ళి వాళ్ళ బెల్ కొట్టాను. తలుపు తీశారు.

“నిన్న మా టీమ్ గెలిచిందండీ,” అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసి, ఏమనుకున్నారో, లోపలికి రమ్మని కూర్చోబెట్టారు. ఎట్ల గెలిచిన్రు, మొత్తం చెప్పుండ్రి అన్నారు. మొత్తం చెప్పాను. బేస్‌లు అర్థం కాకపోతే టీపాయ్ మీద జీడిపప్పులు పెట్టి చూపించాను. ఆవిడ శ్రద్ధగా విని, మూడో బేస్ జీడిపప్పుని హోమ్‌కి జరిపి, ఇట్లనా అని అడిగారు. ఇట్లనే అన్నాను. అయినా వచ్చే శుక్రవారం మాత్రం భోజనానికి రావాలన్నారు. రాలేనని చెప్పాను. ఆ వచ్చే శుక్రవారం మాకు పట్టికలో మొదటి స్థానంలో ఉన్నవాళ్ళతో మ్యాచ్ ఉంది.

ఆ మ్యాచ్ ఓడిపోయాం. బాగానే ఓడిపోయాం. కానీ తేడా పదికి చేరలేదు, ఆట చివరిదాకా సాగింది. ఎవరి దయా మాకు అవసరం పడలేదు. మావాడు బంతి వదిలేసినప్పుడు ఒక టెంట్ కింద ‘సేఫ్టీ ఫస్ట్’ మొదలుపెట్టారు గానీ ఎందుకో సగంలోనే ఆపేశారు. ఆపకపోయినా నేను ఉన్నాను.

ఆట ముగిశాక కుర్చీ మడుస్తుంటే జగిత్యాల మనిషి ఫోన్ పట్టుకుని వచ్చాడు. వీడియోలో వాళ్ళావిడ. “అక్కా, జర నువ్వే చెప్పు. నేను చెప్తె నమ్ముతలేదు,” అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఆమె కొంగు సర్దుకుని, ముందు నన్ను బాగున్నవా అక్కా అని పలకరించింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది; వాళ్ళ వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

“దుబాయ్ పోయినోళ్ళు పని జేస్తరు గని ఆటలాడుతరా అక్కా? మా ఆయన నిజంగ ఆడుతుండా, ఉత్తగ చెప్తుండా?”

“నిజంగానే ఆడతాండాడమ్మా. పోయిన వారం ఈయన పట్టిన బంతితోనే గెలిచినాం,” అన్నాను.

“ఇయ్యాల గెలిచిన్రా మరి?”

“లేదు. ఈ పొద్దు ఓడిపోయినాం. వచ్చే శుక్రవారం మళ్ళా ఉంది.”